పడవవాడి అబద్ధం

మొన్న మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌లో పక్కింటి అమ్మాయి మర్నాడు తెలుగు పరీక్ష అంటూ పుస్తకం పట్టుకుని వచ్చింది. ఎనిమిదో తరగతి. ముందు పేరా చదవమన్నాను. "అదెందుకు ఆంటీ? క్వశ్చన్‌లో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ లైను ఎత్తి రాసేయడమే. మా సార్ చెప్పారు" అంది. ఆ సారెవరో గానీ, ఆయన్ని తిట్టే అర్హత నాకు లేదు. ఈ దిక్కుమాలిన విద్యను ఈ చుట్టుపక్కల పంచిపెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

తొంభైల చివర్లో మా బావగారు గోపన్‌పల్లి దారిలో ఒక అద్దె ఇంట్లో బడి పెట్టారు. అటు మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల కోసం బండలు పేలుస్తున్నారు కదా అని బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాయించారు. లోపల మూడు గదులు, ఒక రేకుల షెడ్డు. బీఎడ్ చేసి కోస్తా నుంచి అక్కయ్య ఇంటికి వచ్చిన నన్ను తెలుగు టీచరును చేశారు. ఆయన జన్మలో ఒక కథైనా చివరిదాకా చదివిన దాఖలా లేదు. అయినా పదో తరగతి రివిజన్ అంటే ఆయనే చెప్పాలి. ఒక చేతిలో గైడు, ఇంకో చేతిలో బెత్తం. "పేరా జోలికి వెళ్లకండి, టైము వేస్టు! 'వలె' కనిపిస్తే ఉపమ అని రాసేయండి. బుర్ర పెట్టకండి!" అని గర్జించేవారు. బుర్ర పెట్టకపోవడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు గనుక పిల్లలు భక్తిగా రాసుకునేవారు. నేను ఆ సూత్రాలన్నీ రంగు రంగుల స్కెచ్ పెన్నులతో చార్టు మీద రాసి గోడకు అంటించాను. పైగా చుట్టూ పూలతీగ కూడా వేశాను.

ఆ క్లాసులో చివరి బెంచీ మీద మా బడి ఆయమ్మ కూర్చునేది. ముప్పై దాటిన మనిషి, ఆ ఊరిదే. పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టింది. పాసైతే ఊళ్లో ఖాళీ అవుతున్న అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే జన్మంతా మా గంట, మా చీపురు. మిగతావన్నీ గట్టెక్కాయి, తెలుగు ఒక్కటే మిగిలింది. ఆవిడకు ఒక జబ్బు ఉండేది, పేరా మొత్తం చదివేది. చదువుతూ నవ్వేది, "అయ్యో పాపం" అనేది. ఒకరోజు బావగారి గర్జన విని "మీ బావ సారు మాట్లాడితే రేకుల మీద వాన పడ్డ లెక్కుంటది టీచరమ్మా" అంది. గైడు మొత్తం గాలించినా అంత చక్కటి ఉపమ లేదు. "లెక్క అంటే మార్కులు పడవు, వలె అని రాయాలి" అన్నాను, పండితురాలిలా.

పరీక్షలకు పదిహేను రోజుల ముందు పెట్టిన నమూనా పరీక్షలో ఒక పేరా ఇచ్చారు. చంటిబిడ్డను ఎత్తుకున్న పేదరాలు డబ్బుల్లేక రేవులో నిలబడి ఉంటుంది. పడవవాడు "ఎలాగూ అవతలికే వెళ్తున్నాను, ఎక్కమ్మా" అంటాడు. ఆమెను దింపి, ఖాళీ పడవను వెంటనే వెనక్కి తిప్పుకుని వస్తాడు. ఆమెను ఊరికే ఎందుకు ఎక్కించుకున్నాడని ప్రశ్న. ఎలాగూ అవతలికి వెళ్తున్నాడు కాబట్టి అని క్లాసంతా రాసింది. గైడులో జవాబూ అదే. ఆయమ్మ మాత్రం "ఆయనకు అవుతల పనేం లేదు. ఆ తల్లి సిగ్గుపడొద్దని అబద్దం చెప్పిండు" అని రాసింది. దిద్దింది నేను. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, గైడు చూసి, సున్నా చుట్టింది.

బావగారు ఆ జవాబును ఆమె యాసలోనే క్లాసంతటికీ చదివి వినిపించారు. "పరీక్ష రాయమంటే పంచాయితీ చెబుతోందండీ మా ఆయమ్మ!" అన్నారు. పిల్లలు విరగబడి నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆవిడ నావైపు ఒకసారి చూసి తల దించుకుంది.

మర్నాటి నుంచి గంట కొట్టింది, గదులు ఊడ్చింది, రివిజన్‌కు మాత్రం రాలేదు. అడిగితే "ఇంట్ల జర పనుంది టీచరమ్మా. పరీక్ష వచ్చే ఏడు రాస్త. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అని నవ్వింది. ఇంట్లో పని ఉంది కాబట్టి రావడం లేదు. నాకు కావలసిన లైను దొరికింది, అంతటితో తృప్తిపడ్డాను. ఇంట్లో పని ఉన్న మనిషి సాయంత్రం మా రివిజన్ అయ్యేదాకా వరండాలో ఊరికే కూర్చుని ఉండేది. రోజూ నా కళ్ల ముందే ఉన్న ఆ పేరాను నేను చదవలేదు. ఆవిడ ఆ ఏడూ పరీక్ష రాయలేదు, మరుసటి ఏడూ రాయలేదు. అంగన్‌వాడీ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది.

పక్కింటి అమ్మాయి లైను ఎత్తి రాసుకుని వెళ్లిపోయాక గానీ నాకు తట్టలేదు. నేను సిగ్గుపడొద్దని, ఆ రోజు ఆయమ్మ నాకు చెప్పింది కూడా పడవవాడి మాటే. ఆ బండలు లేవు, మా బడి ఉన్నచోట పద్నాలుగు అంతస్తులు లేచాయి, ఆవిడ ఎక్కడుందో చెప్పేవాళ్లు కూడా లేరు. ఒక్క పేరా చివరిదాకా చదవడానికి నాకు పాతికేళ్లు పట్టింది, ఈలోగా పేపరు ఇచ్చిన మనిషి వెళ్లిపోయింది.