మత్తు డాక్టరుగారు ఊళ్ళోనే ఉన్నారు

అయిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం అంటే మీకు ఎలా చెప్పను? పనిలో పడితే ఉండదు. మగ్గం ఆగగానే వస్తుంది. అన్నం కలుపుకుంటుంటే వస్తుంది. ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని ఒక భయం, ఎవరికీ తెలియకుండానే నేను పోతానేమోనని ఇంకో భయం. ఈ రెండో భయం మొదటిదానికంటే పెద్దదని ఈమధ్యే తెలిసింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. నా పేరు రాయను. మాది బండారులంక, మగ్గం నేసే ఇల్లు. పదో తరగతి దాకా చదివాను, ఉత్తరాలు రాయడం తప్ప ఇలాంటివి రాసే అలవాటు లేదు. నాకు ఒక కూతురు, ఒక కొడుకు. నేను చేసిన అన్యాయం కూతురికి. ఇంట్లో దాన్ని చిట్టి అంటాం. ఇక్కడా అలాగే అంటాను.

చిట్టిని రాజోలు వైపు ఇచ్చాం. అల్లుడు కువైట్‌లో డ్రైవరు. తొలి పురుడు పుట్టింటివాళ్ళే పొయ్యాలి కదా, ఏడో నెలలో శ్రీమంతం చేసి తీసుకొచ్చాం. బయలుదేరేటప్పుడు మా వియ్యపురాలు గుమ్మం దాకా వచ్చి నవ్వుతూ ఒక మాట అంది. "మా కోడల్ని ఎలా తీసుకెళ్తున్నారో అలాగే పంపాలండోయ్ వదినగారూ!" వేళాకోళానికే అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కాని ఆ మాట నా గుండెల్లో రాయిలా పడింది. ఇది కుంటుకుంటూ తిరిగి వెళ్తే? మా ఇంట్లో పురుడు పోసుకుని ఏదో ఒక అవకరంతో వెళ్తే? ఆ ఇంటికి పాడి ఉంది, కొబ్బరితోట ఉంది. మొగుడు దేశంలో లేడు. నడుం వంగని కోడలు వాళ్ళకి దేనికి?

అమలాపురంలో ఒక లేడీ డాక్టరుగారికి చూపించేవాళ్ళం. ఎనిమిదో నెలలో ఆవిడ చిట్టిని కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. నొప్పులప్పుడు అటూ ఇటూ నడవడం, వేడి కాపడం పెట్టడం, నడుం రాయడం ఒక పద్ధతి. ఇంజెక్షన్ చేస్తే మగతగా ఉండి నొప్పి కొంత తగ్గుతుంది, అది ఇంకో పద్ధతి. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కిస్తే నొప్పి చాలావరకు తెలియదు, మనిషికి మెలకువ ఉంటుంది. దానికి మాత్రం మత్తు డాక్టరుగారు బయటి నుంచి రావాలి. దేనికైనా మంచీ చెడూ ఉంటాయి, ఇంటికెళ్ళి ఆలోచించుకో, ఏదీ వద్దనుకున్నా తప్పు లేదు అన్నారు. చిట్టి వారం రోజులు ఆలోచించింది. అల్లుడితో ఫోన్లో మాట్లాడింది. అనుమానాలన్నీ కాగితం మీద రాసుకెళ్ళి అడిగింది. ఆఖరికి వెన్ను మందే కావాలని చెప్పి ఫైల్లో రాయించుకుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల పెట్టి, "ఇప్పుడు నాకు భయం లేదే అమ్మా" అంది.

దాని భయం దిగి నాకెక్కింది.

ఎందుకో చెబుతాను. మా వీధిలో నడుం నొప్పి లేని ఆడమనిషి లేదు. కొడుకు ఆపరేషన్‌తో పుట్టినప్పుడు నాకు వెన్నులో సూది వేశారు. ఆ తర్వాతే నడుం పట్టుకుంది. ఎదురింటావిడకీ అంతే, పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకున్న మా తోడికోడలికీ అంతే. మాలో మేము దాన్ని సూది నొప్పి అనే అంటాం. వాన పట్టిందంటే సూది లేచిందని నవ్వుకుంటాం. మేమందరం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని, చీర మీదకి వంగి కూర్చునేవాళ్ళమే. ఆ సంగతి ఒక్కరికైనా తట్టలేదు. మగ్గం మాకు అన్నం పెట్టేది. దాన్ని ఎవరు అనుమానిస్తారు?

చిట్టికి ఈ మాట నచ్చజెప్పబోయాను. డాక్టరుగారిని అడిగానమ్మా, అలా ఏం లేదన్నారు అంది. అది నవ్వుతూ అనేసరికి నేను ఊరుకున్నాను. పోట్లాడి ఉండాల్సింది. ఇద్దరం అరుచుకుని, అలిగి, అన్నం మానేసినా బావుండేది. అలా చెయ్యలేదు నేను. సరేనని తలూపి, లోపల దాచుకున్నాను.

ఆ రోజు తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఎనిమిదయింది. పది దాటాక నర్సమ్మ వచ్చి చూసి, నన్ను తలుపు దగ్గరికి పిలిచింది. చిట్టి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"మత్తు డాక్టరుగారికి ఫోన్ చేసేస్తానండి. ఇంకో కేసుకి వెళ్ళిపోయేరంటే మళ్ళీ దొరకరు."

"వద్దండి" అన్నాను. "మా అమ్మాయి మనసు మార్చుకుందండి. ఓర్చుకుంటానందండి."

"అదేంటండీ, ఫైల్లో రాయించుకుంది కదండీ? ఓ మాట అడుగుతానుండండి."

"ఇప్పుడే కన్ను మూసిందండి. లేపకండమ్మా."

"నిజంగానే వద్దందాండీ?"

"ఆయ్. వద్దందండి."

అప్పుడే లోపలి నుంచి ఎవరో ఆవిడని కేకేశారు. ఫైల్లో గబగబా ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. నా నోటి నుంచి అంత సులువుగా ఎలా వచ్చింది? ముందే అనుకున్నానా? అనుకోలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కాని ఒక్క మాట కూడా తడబడలేదు. తడబడలేదంటే ఎప్పుడో ఒకప్పుడు లోపల అనుకునే ఉంటాను.

కాసేపటికి చిట్టి కళ్ళు తెరిచి, మత్తు డాక్టరుగారు వచ్చేరా అంది. ఊళ్ళో లేరట తల్లీ, వస్తారట అన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఇంత రాసేదాన్ని కాదేమో. మధ్యాహ్నానికి నొప్పులు ముదిరాయి. నర్సమ్మ ఒక ఇంజెక్షన్ చేసింది, దాంతో మాట ముద్దయింది గాని నొప్పి తెలుస్తూనే ఉంది. నా చెయ్యి పట్టుకుని, వచ్చేరేమో కనుక్కోవే అమ్మా అంది. వెళ్ళాను. వసారాలో మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర నిలబడి, గోడ మీద పోలియో చుక్కల బొమ్మ చూస్తూ, మనిషి వెళ్ళి అడిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఉండి, తిరిగి వచ్చి, ఇంకా రాలేదట అన్నాను. మళ్ళీ పంపించింది. మళ్ళీ అక్కడే నిలబడ్డాను. మూడుసార్లు. కన్నకూతురు లోపల అరుస్తుంటే నేను బయట నిలబడి అబద్ధానికి సరిపడా సమయం గడిపాను.

మూడోసారి ఆయన వచ్చారు. మా కోసం వచ్చినవారు కాదు, ఇంకెవరికో ఆపరేషన్. చేతిలో హెల్మెట్, భుజాన సంచి. నర్సమ్మ నమస్కారం పెట్టి, మత్తు డాక్టరుగారు వచ్చేశారని లోపలికి కేకేసింది. ఆయన నా పక్కనుంచే వెళ్ళారు. పిలిస్తే ఆగేవారు. ఇప్పటికీ ఆలోచిస్తాను, అప్పుడు నోరు తెరిచి ఉంటే ఏమయ్యేది? ఆలస్యమైపోయిందనేవారేమో, కాదేమో. నేను గబగబా గదిలోకి వచ్చి, ఆ పేరు చిట్టి చెవిన పడకుండా తలుపు దగ్గరగా వేశాను.

నడుం గురించిన భయం ఒక్కటే కాదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అది అరుస్తున్నప్పుడు నాలో ఎక్కడో ఒక మూల, మేమందరం పడలేదా, నువ్వూ పడు అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణం నాదే, ఇంకెవరిదీ కాదు. కన్నతల్లికి అలా అనిపిస్తుందా? మీకెవరికైనా ఎప్పుడైనా అనిపించిందా? నాకు తెలిసినవాళ్ళెవరినీ అడగలేను.

సాయంత్రం పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. లేడీ డాక్టరుగారు చిట్టి నుదురు తుడిచి, ఎంత ఓర్పమ్మా నీకు అన్నారు. ఓర్పు కాదండి, దిక్కులేక అంది ఇది. ఆవిడ నవ్వేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. ఇంటికొచ్చాక రోజూ దానికి వేడినీళ్ళు పోసి, నడుముకి గుడ్డ బిగించి కట్టేదాన్ని. కట్టేటప్పుడల్లా నీ నడుం నేనే కాపాడాను అనుకునేదాన్ని. గర్వంగానే అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

చిట్టి మనసు మాత్రం ఆ కాన్పు గదిలోంచి బయటికి రాలేదు. అమలాపురం వెళ్ళాలంటే ఆ ఆసుపత్రి వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎవరి కాన్పు మాట వచ్చినా లేచి వెళ్ళిపోయేది. అన్నిటికంటే నన్ను కోసేది ఏమిటంటే, వచ్చినవాళ్ళందరికీ నా గురించి గొప్పగా చెప్పేది. ఆ రోజు మా అమ్మ కాలు గాలిన పిల్లిలా తిరిగిందండి, ఆ డాక్టరుగారి కోసం మూడుసార్లు వెళ్ళిందండి, పాపం అమ్మ ఏం చేస్తుందండి అనేది. నేను పక్కన కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టుకునేదాన్ని.

నిరుడు నా నడుం మరీ పట్టేస్తే ఎముకల డాక్టరుగారికి చూపించుకున్నాను. సూది నొప్పండి అన్నాను. ఏం పని చేస్తావమ్మా అని అడిగారు. చెప్పాను. ఎన్నేళ్ళ నుంచి అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నాను. ఆయన నన్ను మగ్గం మీద ఎలా కూర్చుంటానో అలా కూర్చుని చూపించమన్నారు. చూపించాను. సూది వేసినచోట కొన్నాళ్ళు నొప్పి ఉంటే ఉండొచ్చమ్మా, ఇన్నేళ్ళు ఉండదు, ఇది నీ మగ్గం నొప్పి అన్నారు. ఆయన మందులు రాస్తుంటే నాకు చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. నేను దేన్నుంచి కాపాడాను దాన్ని?

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు.

ఇప్పుడు చిట్టికి మళ్ళీ ఏడో నెల, పాపని తీసుకుని మా ఇంటికే వచ్చి ఉంది. అల్లుడు సెలవుకి వచ్చి వెళ్ళాక తెలిసింది. తెలిసిన రోజు అది పీటమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఉంచుకోనంది. అల్లుడు, వియ్యపురాలు ఎంతో బతిమాలితే ఆగింది. పోయిన వారం నేనే అమలాపురంలో ఆ లేడీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటే ఆపరేషన్ చేసెయ్యండి, నొప్పులు రాకముందే చేసెయ్యండి అని చేతులు పట్టుకుంది. ఆపరేషన్ కావాలని తనంతట తను కోరుకుంటే అది వేరు, ఇది భయంతో అడుగుతోంది. డాక్టరుగారు అవసరం కనిపించడం లేదమ్మా, వెన్ను మందు ఇప్పిద్దాం అంటే, ఆయన రారండి, నాకు తెలుసండి అంది. ఆవిడ నొసలు చిట్లించి, పోయినసారి ఏం జరిగిందో పాత ఫైలు తీయించి చూస్తానన్నారు. నాకు భయమేసింది. ఫైలు బయటపడుతుందని కొంత. ఇది ఏ దారి ఎంచుకున్నా నా అబద్ధం మీద నిలబడే ఎంచుకుంటుందని మరికొంత.

పైదంతా రాసి నాలుగు రోజులైంది. ముందు మీకు చెప్పి ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను. ధైర్యం రాలేదు. రాకుండానే నిన్న మధ్యాహ్నం చెప్పేశాను.

పాప ఇక్కడి బడికి వెళ్ళింది. చిట్టి మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. కూర్చుని చెప్పలేక గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు చేశానో ముందు చెబితే సాకు అవుతుందని, మత్తు డాక్టర్ని వద్దన్నది నేనే అని మొదలుపెట్టాను. నర్సమ్మతో అన్నదీ, వసారాలో నిలబడిందీ, తలుపు వేసిందీ, ఆ ఒక్క క్షణం నాకు అనిపించిందీ, ఏదీ దాచలేదు. అది లేచి కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని విన్నది. ఏడవలేదు. తిట్టినా బావుండేది. అయితే ఆయన ఊళ్ళోనే ఉన్నారన్నమాట అంది. అవునన్నాను.

తర్వాత ఫోన్ తీసి, నా ఎదురుగానే ఆసుపత్రికి చేసింది. ఆపరేషన్ సంగతి ఇంకా ఖాయం చెయ్యకండి, ముందు ఆ మత్తు డాక్టరుగారితో నేను మాట్లాడాలండి అంది. అయిదేళ్ళలో ఆ పేరు ఎత్తినప్పుడు దాని గొంతు వణక్కపోవడం మొదటిసారి విన్నాను. ఆ ఫోన్ పెట్టేసి వియ్యపురాలికి చేసింది. ఈసారి పురిటికి నా దగ్గర మీరు ఉండాలి అత్తయ్యగారూ అంది. కారణం చెప్పలేదు. ఆవిడ ఏదో అడిగితే, అమ్మ వద్దండి అని మాత్రం అంది.

నిన్నటి నుంచి నన్ను అమ్మా అని పిలవలేదు. పిలుస్తుందో లేదో తెలియదు. భయం కూడా పోలేదు, కాన్పు కాన్పే కదా, ఏ క్షణాన ఏమవుతుందో. ఆ రోజు నేను బయటెక్కడో కూర్చుని ఉంటాను, అది రానిస్తే. లోపల నర్సమ్మ వచ్చి ఏం కావాలమ్మా అని అడుగుతుంది. జవాబు చిట్టి చెబుతుంది.