సన్మానానికి బెదిరిన మంద

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. సైన్యంలో ఉన్న మా ఊరి పిల్లల ఇండ్లకు మందులు తెచ్చేదానికో, ఆస్పత్రికి తోడు పోయేదానికో మా మహిళా సంఘమే ఉంటుంది. వాళ్లు సెలవుకొస్తే సన్మానం కూడా మాదే.

పోయిన ఎండాకాలం మల్లేశు సైన్యం నుంచి సెలవుకొచ్చి బస్సు దిగినాడు. దండ వేసి, నేనే ముందుకు పోయి టపాసులు అంటించినాను. సరిగ్గా అప్పుడే వాళ్ల నాయన గొర్రెల మందను రోడ్డు దాటిస్తా ఉన్నాడు! మంద బెదిరి చెల్లాచెదురైంది. ఎదురుగా శ్రీశైలం బస్సు వస్తా ఉంది.

మల్లేశు బ్యాగు పారేసి రోడ్డు మధ్యలోకి ఉరికినాడు. బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపి, "ట్రుర్ర్... హో!" అని అచ్చం వాళ్ల నాయన మాదిరే కేకేసినాడు. ఏడాదిగా వినని గొంతు. అయినా గొర్రెలన్నీ తిరిగొచ్చి అతని చుట్టూ చేరినాయి. వంగి పొట్టేలును నిమిరేసరికి, అది మేం వేసిన దండను కాస్తా నమిలేసింది.

"తప్పయింది మామా" అన్నాను వాళ్ల నాయనతో.

వాళ్ల నాయన తలగుడ్డ సర్దుకొని, "వాడు బార్డర్లో ఉన్నప్పుడు కూడా ఇంత బయపడలేదమ్మా, మీ సన్మానానికే బయపడితి" అన్నాడు.

ఇప్పుడు ఏ జవాను వచ్చినా చప్పట్లే కొడుతున్నాం. అదీ, ఆ మామ మంద ఎక్కడుందో కనుక్కున్నాకే!