మేడకి చెప్పావా?

చెప్తున్నాగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ పనైనా పక్కవాళ్ళకి చెప్పందే చేయరు. కుర్చీ జరపాలంటే "జరుపుతున్నా, చెప్తున్నా." కిటికీ తెరవాలంటే "గాలొస్తుంది, చెప్తున్నా." తుమ్ముకీ ముందస్తు హెచ్చరికే. పాపం, చెప్పడం పూర్తయ్యేలోపు సగం తుమ్ములు వెనక్కి వెళ్ళిపోయేవి. అసలు పేరు ఆయన సంతకంలో ఉందంటారు గానీ, ఆ సంతకం ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు.

వాళ్ళావిడ ఓసారి ఆఫీసుకి వచ్చి అక్కడి ఆడవాళ్ళ దగ్గర మొర పెట్టుకుంది.

"నిద్రలో అటు తిరిగి పడుకోవాలన్నా నన్ను లేపి చెప్తారమ్మా."

కంప్యూటర్ ఆటల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. పక్క కుర్చీలో కొత్తమ్మాయి. చేరి మూడు నెలలైంది; ఉంచుతారో పంపేస్తారో ఆ సాయంత్రం మీటింగులో తేలిపోతుంది. మట్టి, ఇసుక దిమ్మెలు పేర్చి ఊళ్ళు కట్టుకునే ఆటకి ఆమె ఒక కమాండు రాసింది. ఒక్క మాట టైపు చేస్తే కొండంత కొండా మాయమైపోతుంది. ఆమె ఆశలన్నీ దానిమీదే.

మధ్యాహ్నం ఆయన ఇటు వంగారు. "అమ్మాయ్, తప్పొకటి దొరికింది, చెప్తున్నా."

ఆమె గబుక్కున అటు వంగింది. తెరమీద ఇసుక మేడ గాల్లో నిలబడి ఉంది.

"కొండ తీసేశావు, బాగుంది. మేడకి చెప్పావా?"

"మేడకి ఏం చెప్పాలండీ?"

"కింద కొండ లేదని. పాపం, ఉందనుకుని నిలబడింది."

ఆయన మేడ గోడకి ఒక దీపం తగిలించారు. పక్కన ఏదైనా మారితే గానీ ఆ ఆటలో దిమ్మెలకి కబురందదు. అప్పుడు తెలిసింది మేడకి. మొత్తం కూలి, ఆటలో ఉన్న ఆయన బొమ్మ నెత్తిన పడింది.

"ఒక్కో దిమ్మె తీసినప్పుడల్లా పక్కవాటికి చెప్తుంటే ఆట నత్తనడక నడుస్తోందండీ. అందుకే చెప్పడం ఆపేశాను."

"మానేస్తే ఎలా తల్లీ? అన్నీ తీశాక, అంచున మిగిలినవాటికి ఒక్కసారి చెప్పు. చాలు."

ఆమె సరిచేస్తూంటే ఆయన పక్కనే కూర్చుని, దీపం తగిలించి తగిలించి ఇరవై మేడలు నెత్తిన వేసుకున్నారు. ఇరవయ్యొకటో మేడ, కొండ పోగానే బుద్ధిగా కూలింది. అయినా ఆమె బెంగ తీరలేదు. టీకి వెళ్తూ ఏడుగురికి చెప్పే మనిషి, ఈ సంగతి అంతస్తంతా చాటకుండా ఉంటారా?

మీటింగులో మేనేజరు ఆయన్ని అడిగారు. "తప్పులేమైనా దొరికాయా?"

"ఒకటి దొరికిందండీ. సరిచేసేశారు కూడా."

"ఎవరు చేసిన తప్పు?"

"సరిచేసిన మనిషి ఎవరో అడగండి, చెప్తాను," అంటూ కొత్తమ్మాయి వైపు చూపించారు.

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆమె పేరు పక్కన టిక్కు పెట్టారు.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "అన్నీ అందరికీ చెప్తారు కదా, నా సంగతి చెప్పలేదేం?"

"ఎవరి నెత్తినైనా పడేదుంటేనే చెప్తానమ్మా. నీ తప్పు ఇక ఎవరి నెత్తినా పడదుగా."

ఆ మాటకి ఆమె గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ ఈయన్ని చూసి నవ్వినందుకు సిగ్గేసింది. కృతజ్ఞత చెప్పబోయి, మాట మార్చుకుంది.

"ఏడుపొస్తోందండీ, చెప్తున్నా," అంది చివరికి.

ఆయన గంభీరంగా తల ఊపి, తడవకుండా తన కాగితాలు పక్కకి జరుపుకున్నారు.