కాణిపాకం క్యూలో ఒప్పుకున్న మాత్రలు

చదువు మీద ధ్యాస నిలవడానికి అక్క కూతురికి తిరుపతి డాక్టరు రాసిచ్చిన మాత్రలను దొంగతనంగా మింగిన చిన్నమ్మను నేను. ఇప్పుడు ఆ మాట నవ్వుతూ రాయగలుగుతున్నాను.

అది మామిడి సీజను. అక్కావాళ్లింట్లో ఉంటూ, బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పనికి వెళ్లేదాన్ని. తోతాపురి కాయల లారీలు గేటు ముందు బారులు తీరితే మాకు సెలవన్న మాటే ఉండదు. కళ్లు మూతలు పడుతుంటే, పిల్లకు పనిచేసే మాత్ర నాకు పనిచేయదా అనుకుని ఒకటి వేసుకున్నాను. పని చకచకా సాగింది. ఇంకేం, పది రోజులకల్లా పూటకొకటి అయింది. అన్నం సయించడం మానేసింది. ఒక మధ్యాహ్నం శాంపిల్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగానే గుండె దడదడలాడింది. ఛాతీ పట్టేసింది, చేతులు చల్లబడ్డాయి.

చిత్తూరులో డాక్టరు ఈసీజీ తీయించాడు. గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందని, బీపీ కూడా పెరిగిందని చెప్పి, మాత్రలేమైనా వాడుతున్నావా అని అడిగాడు. పక్కనే అక్క ఉంది. లేదన్నాను. పాపం ఆయన థైరాయిడ్ మొదలుకొని అన్ని పరీక్షలూ రాశాడు. నేను మాత్రం మాత్ర మానలేదు. సీజను ఇంకా మిగిలే ఉంది మరి.

ఇంతలో సీసాలో మాత్రలు తగ్గడం అక్క కంటపడింది. చేదని పిల్లే పారేస్తోందని తీర్మానించింది. తొమ్మిదేళ్ల పిల్ల తాను పారెయ్యలేదంటే నమ్మలేదు. కాణిపాకం వచ్చి వినాయకుడి ముందు ప్రమాణం చేయమంది. మా వైపు ఆ మాట వచ్చాక ఇక వాదన ఉండదు. అక్కడ అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు. పిల్ల మాకంటే ముందే బస్సెక్కి కూర్చుంది.

క్యూలో మా ముందు పదిమంది ఉండగా నా గుండె మళ్లీ దడ మొదలుపెట్టింది. పొద్దున మింగిన మాత్రవల్లో, సిగ్గువల్లో నాకు తెలియలేదు. అక్క చేయి పట్టుకుని పక్కకు లాగాను.

"పిల్ల పారెయ్యలేదక్కా. నేనే తిన్నా."

అక్క కొట్టలేదు, తిట్టలేదు. "నీకేమన్నా అయ్యుంటే నేనేం సేసేదాన్నే?" అంది. ప్రమాణం మాట వదిలేసి, దూరం నుంచే దండం పెట్టి, నేరుగా చిత్తూరు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆయన చీవాట్లు పెట్టాడు. పిల్లను పరీక్షించి, కొలిచి ఇచ్చిన మందు అడ్డదిడ్డంగా మింగితే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉందన్నాడు. మాత్రలు మాన్పించాడు. కొన్నాళ్లకు దడ తగ్గింది. స్కాన్ చూసి, గుండెకేమీ కాలేదన్నాడు. ఆస్పత్రి బయట టీ బంకు దగ్గర నిలబడి హాయిగా ఏడ్చాను. ఏడుస్తూనే రెండు బన్నులు తిన్నాను.

ఇంటికెళ్లి పిల్లను దగ్గరికి తీసుకుని, నావల్ల మాటలు పడ్డావు, తప్పైందన్నాను. అది హోంవర్కు నుంచి తలెత్తలేదు.

"నువ్వు తినేది సూసినా సిన్నమ్మా. నేను పారెయ్యలేదని మటుకే ప్రమాణం సేద్దామనుకున్నా. నీ పేరు సెప్పేదాన్ని కాదు."