సామ్యేల్ సార్ హార్డ్ డిస్క్

దయ్యాలను నేను నమ్మను. నమ్మను అనడం కూడా పెద్ద మాటే, వాటి గురించి ఆలోచించే తీరిక నాకెప్పుడూ లేదు. నిజామాబాద్ బస్టాండ్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. మిషన్ చెడిపోయిందంటే దానికో కారణం ఉంటుంది. అది దొరకలేదంటే నేను సరిగ్గా వెతకలేదని అర్థం. ఎవరైనా సీపీయూకి నిమ్మకాయ కట్టి తెస్తే, నిమ్మకాయ తీసి పక్కన పెట్టి లోపలి దుమ్ము దులిపేవాణ్ణి. ఈ సంగతిని కూడా అలాగే దులిపేసుకుందామని చాలా ఏళ్లు చూశాను. కాలేదు.

రెండువేల నాలుగో, ఐదో సరిగ్గా గుర్తులేదు. చెరుకు నరికే కాలం. బోధన్ నుంచి రూతమ్మగారు ఫోన్ చేశారు. ఆమె భర్త సామ్యేల్ సార్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. మైకు పెట్టుకుని పాటలు రికార్డు చేసుకోవాలని ముచ్చటపడి నా దగ్గరే కంప్యూటర్ చేయించుకున్నారు. ఆయన గుండె ఆగి పోయారన్న సంగతి నాకు ఆ ఫోన్లోనే తెలిసింది.

"కంపూటర్ చాలు అయితలేదు బిడ్డా. జర జల్ది రా" అన్నారామె.

ఆన్ కావడం లేదన్నారు కదా అని వెళ్లి చూస్తే నల్లటి తెర మీద రోజూ చూసే మాటలే ఉన్నాయి. ఏదో సిస్టం ఫైలు లేదు, లేదా చెడిపోయింది. కరెంటు పోయి వస్తూ ఉంటే విండోస్‌కి ఈ జబ్బు మామూలే. సీడీ పెట్టి ఆ ఫైళ్లు మళ్లీ ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది. గంట పని అనుకున్నాను. అప్పుడు సీపీయూలోంచి చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్, టక్, టక్.

నా ఉత్సాహం అక్కడే చల్లారింది. ఫైళ్లు చెడిపోవడం వేరు, హార్డ్ డిస్కే చావుకు రావడం వేరు. సీపీయూ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. పక్కనే మడతపెట్టిన మందపాటి దుప్పటి ఉంది.

ఆ దుప్పటి ఎందుకని అడిగాను.

"చేన్లల్ల చెరుకాకు కాలవెడ్తుండ్రు గదా. మసి ఎగిరొచ్చి ఇల్లంత నల్లగయితుంది. గందుకే దీన్మీద కప్పిన. ఆయన చాలు జేసి పెట్టిపోయిండు. బంద్ జేస్తే పాట పోతదేమోనని నేను ముట్టలే."

అంటే ఆయన పోయిన రోజు నుంచి కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. దుప్పటి కింద అన్ని రోజులు ఉడికింది. కరెంటు పోయినప్పుడల్లా ఆగి, వచ్చినప్పుడల్లా దానంతటదే మొదలైంది. నాకు కోపం వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

ఆ పాట సంగతి అప్పుడు చెప్పారు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని ఆమె పోచంపాడ్ వెళ్లారట. సాయంత్రం సార్ ఫోన్ చేసి, "ఇంట్ల ఒక్కణ్ణే ఉన్న. కొత్త పాట ఒకటి ఎక్కించిన. నువ్వొచ్చినంక ఇనిపిస్త" అన్నారట. తెల్లారి ఆయన లేరు. పాత పాటలన్నీ కూడా ఆ డిస్కులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

"మొకం కండ్లముందటనే ఉంటది బిడ్డా. గొంతే యాదికొస్తలేదు. రోజింత పోతుంది. ఒక్క పాట తీసియ్యి, సాలు."

డిస్కు విప్పి షాపుకి తీసుకెళ్తానన్నాను. ఒప్పుకోలేదు. ఆయన గొంతు గడప దాటనియ్యనన్నారు. చేసేది లేక, మర్నాడు నా షాపులోని కంప్యూటర్‌నే తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బోధన్ బస్సెక్కాను. గుంత వచ్చిన ప్రతిసారీ అందరినీ తిట్టుకున్నాను.

సార్ డిస్కుని నా కంప్యూటర్‌కి తగిలించాను. కనబడలేదు. కేబుల్ మార్చాను. తిరగేసి పెట్టాను, నిలబెట్టి చూశాను, ఫ్యాన్ కింద చల్లారబెట్టి చూశాను. టక్, టక్, టక్ తప్ప ఏమీ లేదు. ఒక్కచోట కూర్చోలేకపోయాను. లేచి వాకిట్లోకి పోయి వచ్చాను, టీ తాగి వచ్చాను. బయట గాలిలో మసి ఈకలు తేలుతున్నాయి. నా చొక్కా మీద కూడా పడ్డాయి. ఇంక లాభం లేదని ఆమెకు ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

రూతమ్మగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో బియ్యం చాట ఉంది.

"ఆయన గట్లనే కొడ్తుండె" అన్నారు.

పాట మొదలుపెట్టే ముందు సార్ పెళ్లి ఉంగరంతో బల్ల మీద మూడుసార్లు కొట్టేవారట. కొట్టి ఆగేవారు. ఈమె సన్నగా రాగం తీయాలి. అది కుదిరితే "ఆఁ... గదే" అని పాట ఎత్తుకునేవారు. కుదరకపోతే మళ్లీ మూడుసార్లు కొట్టేవారు. చర్చిలోనైనా ఇంట్లోనైనా ఇదే పద్ధతి. ఆమె రాగం ఇవ్వకుండా ఆయన పాడింది లేదట.

నేను ఓపిగ్గా వివరించాను. లోపల చదివే ముల్లు తన చోటు వెతుక్కుంటుంది, దొరక్క వెనక్కి వెళ్లి తగులుతుంది, చెడిపోయిన డిస్కులన్నీ ఇలాగే కొట్టుకుంటాయి అని. ఆమె తలూపి, గుమ్మంలోనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకోసాగారు.

టక్, టక్, టక్.

ఆమె చాటలోంచి తలెత్తకుండానే సన్నగా రాగం తీశారు. అలవాటు కొద్దీ వచ్చిందనుకుంటాను. తీస్తున్నట్టు ఆమెకైనా తెలుసో లేదో.

డిస్కు తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, నా అన్నం అదే. తెర మీద దాని పేరు కనిపించింది. పాటల ఫోల్డర్ తెరిచి, చివరి ఫైలు పట్టుకుని, కాపీ పెట్టాను. కాపీ ఎంతవరకు అయిందో చూపే పచ్చగీత కదిలింది.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగారు. గీత ఆగింది. టక్, టక్, టక్.

"అమ్మా, ఆపకండి" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

ఆమె మళ్లీ అందుకున్నారు, గీత మళ్లీ కదిలింది. పొగకి దగ్గొచ్చి ఆగితే అదీ ఆగింది. ఒకసారైతే కాకతాళీయం అనుకునేవాణ్ణి. పాట మొత్తం వచ్చేదాకా ప్రతిసారీ అలాగే జరిగింది. తర్వాత ఇంకో పాట కోసం ప్రయత్నించాం. ఆమె గొంతు బొంగురుపోయేదాకా రాగం తీశారు. ఈసారి టక్‌మనే చప్పుడు కూడా లేదు. డిస్కు పూర్తిగా మూగబోయింది.

కొన్నాళ్లకు ఆమెను బతిమాలి ఆ డిస్కుని హైదరాబాద్‌లో చెడిపోయిన డిస్కుల్లోంచి ఫైళ్లు తీసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. విప్పి చూపించాడు. ముల్లు విరిగిపోయి ఉంది. అద్దంలా ఉండాల్సిన పళ్లెం మీద చుట్టూ గీతలు. దీనిలోంచి ఎవరూ ఏమీ తీయలేరన్నాడు. నేను తీశానన్నాను. ముల్లు తర్వాత విరిగిందేమో అని కూడా నేనే అన్నాను. ఇన్ని గీతలు ఒక్కరోజులో పడవు అని నవ్వి, టీ తెప్పించాడు.

డిస్కు సంగతి అలా ఉంచండి. ఎప్పుడో ఒకప్పుడు దానికో కారణం దొరుకుతుందేమో. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఆ పాటే. ఆ మధ్యాహ్నమే ఆమెకు వినిపించాను.

మొదట ఫ్యాన్ చప్పుడు. తర్వాత బల్ల మీద ఉంగరం, మూడుసార్లు. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంట్లో ఒక్కరే ఉన్నారు కదా, ఎవరు రాగం ఇస్తారు? మళ్లీ మూడుసార్లు కొట్టారు. చాలాసేపు ఫ్యాన్ ఒక్కటే వినిపించింది. ఫైలు ఇంతే వచ్చిందేమోనని నేను మౌస్ మీదికి చెయ్యి పోనిచ్చాను.

"ఆఁ... గదే" అన్నారు సామ్యేల్ సార్. నవ్వుతూ అన్నారు. అని పాట ఎత్తుకున్నారు.

రూతమ్మగారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. "గిదే బిడ్డా, గిదే గొంతు" అంటూ ఏడ్చేశారు. ఏడుస్తూనే రెండో చరణానికి ఆయనతో గొంతు కలిపారు. ఆమె అంతకుముందు చాట ముందు కూర్చుని తీసిన రాగమూ, ఆయన పాట ఎత్తుకున్న శ్రుతీ ఒక్కటే. సంగీతం రాని నాకే తెలిసిపోయింది.

పాట అయ్యాక ఆమె కళ్లు తుడుచుకుని అడిగారు. "నేను పోచంపాడ్‌ల ఉంటి గదా బిడ్డా. మరి ఆయన ఎవరిది ఇని ఆఁ అన్నడు?"

ఒంటరిగా ఉన్న మనిషి అలవాటు కొద్దీ అన్నారేమో అని నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కానీ ఇప్పటికీ ఎవరికీ ఆ జవాబు చెప్పలేకపోతున్నాను.

కొట్టుకుంటున్న డిస్కు షాపుకి వస్తే వెంటనే పవర్ తీసేయాలి. ఎంతసేపు ఉంచితే అంత గీసుకుపోతుంది. ఎవరడిగినా నేనూ అదే చెబుతాను. కానీ నా దగ్గరికి వస్తే, చెయ్యి స్విచ్ మీద పెట్టి, ఆ మూడు చప్పుళ్లు అయ్యాక కాసేపు ఆగుతాను.