యర్రయ్య సాన పట్టిన ఎడమ బ్లేడు

టోవా పాయో పేటలో ఒక హార్డ్‌వేర్ షాపు వెనక, పెయింటు డబ్బాలకీ పైపు ముక్కలకీ మధ్య, యర్రయ్య సానచక్రం ఉంటుంది. ఏడాది పొడుగునా చెమటలు కారే సింగపూర్‌లో మంచు మీద హాకీ ఆడేవాళ్ళుంటారనీ, వాళ్ళు తొడుక్కునే స్కేట్ల కింద బ్లేళ్ళకు సాన పట్టేవాడు ఎప్పుడో విశాఖ తీరాన ఓడెక్కి వచ్చిన కూలీ మనవడనీ చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. మొదట్లో యర్రయ్యకే నమ్మకం కుదరలేదు.

ఓడల మరమ్మతు యార్డులో ముప్పై నాలుగేళ్ళు గ్రైండింగ్ పని చేసి రిటైరైన మనిషి. చేతులు ఊరుకోక, మొదటి నెలలోనే ఇంట్లోని కత్తులకీ కత్తెరలకీ, చివరికి కొబ్బరికోరుకి కూడా పదును పెట్టేశాడు. భార్య నళిని రెండు వేళ్ళకి కట్లు కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, బయటికి పోయి ఏదైనా పని చూసుకోండి లా. లేకపోతే నేను పోతాను," అంది, సింగపూర్ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

అలా ఈ మూల చేరాడు. ఒకరోజు ఎవరో పెద్దమనిషి హాకీ స్కేట్లు తెచ్చిస్తే, ఎంతో శ్రద్ధగా, కూరగాయల కత్తి నూరినట్టు రెండు వైపుల నుంచీ నూరి ఒకే అంచు తేల్చి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి మంచు మీద అడుగు పెట్టడమే తరువాయి, తిన్నగా వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు. స్కేటు బ్లేడు మధ్యలో సన్నటి కాలవ ఉండాలనీ, దానికి అటూ ఇటూ రెండు అంచులూ సమానమైన ఎత్తులో ఉండాలనీ యర్రయ్యకి అప్పుడు తెలిసింది. ఆ అవమానం తీరేదాకా నిద్రపోలేదు. ఇంకో ఆర్నెల్లకి ఆ పనిలో అతన్ని మించినవాడు లేడనిపించుకున్నాడు. సాన పట్టాక రెండు అంచుల మీదా చిన్న ఇనప మట్టం పెట్టి చూస్తాడు. బొటనవేలి గోరు అంచు మీద లాగుతాడు. గోరు పొడి రాలితేనే స్కేటు ఇస్తాడు. అతని బొటనవేలి గోళ్ళు పెరిగినట్టు నళిని మళ్ళీ చూడలేదు.

అంతటివాడూ మంచు మీద ఒక్కసారైనా కాలు పెట్టలేదు. మంచు ఉండాల్సింది ఫ్రిజ్‌లో గానీ కాళ్ళ కింద కాదని అతని అభిప్రాయం. కానీ ప్రతి ఆదివారం స్వెట్టరూ మఫ్లరూ చుట్టుకుని, వాళ్ళు ఆడే మంచు రింక్ పక్క బెంచీ మీద కూర్చుంటాడు. తన అంచులు మంచుని కోసే చప్పుడు వినడానికే వెళ్తాడు.

ఈ ఏడాది రెండు చిక్కులొచ్చాయి. స్కేటు లోపల పెట్టి బటన్ నొక్కితే దానంతటదే సాన పట్టే యంత్రంతో ఎవరో కొత్త షాపు తెరిచారు. అదే సమయంలో యర్రయ్యకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. "కన్ను ఎలా ఉంది అంకుల్?" అని ఎవరైనా మర్యాదకి అడిగినా కస్సుమని లేచేవాడు.

మే నెలలో ఒక ఆదివారం అలేఖ్య పడిపోయింది. యూనివర్సిటీలో పరిశోధన చేసే ఈ పిల్ల అక్కడి హాకీ టీమ్‌లో అందరికంటే చురుకైనది. ఆ రోజు మాత్రం ఎడమవైపు తిరిగినప్పుడల్లా కిందపడింది. మూడోసారి పడ్డప్పుడు జారుకుంటూ వెళ్ళి గోల్‌కీపర్‌ని కూడా వలలోకి తోసుకుపోయింది.

కెప్టెన్ నవనీత్ ఆమె ఎడమ స్కేటు తిప్పి చూశాడు. "బయటి ఎడ్జ్ మొత్తం పోయింది అంకుల్. పోయిన నెలే కదా ఈ స్పేర్ బ్లేళ్ళు మీ దగ్గర షార్పెన్ చేయించింది?"

"నేను ఇచ్చినప్పుడు బాగుంది," అన్నాడు యర్రయ్య.

"ఆపరేషన్ తర్వాత కొంచెం కష్టమేమో కదా అంకుల్," అని వెనక నుంచి ఎవరో మెల్లిగా అన్నారు.

యర్రయ్యకి కోపం రావాల్సింది. రాలేదు. భయం వేసింది. ఆ పిల్ల నడుం విరిగుంటే? నిజంగానే మట్టం సరిగ్గా చూడలేదేమో? ఈ చెయ్యి, ఈ చూపు పోయాయంటే ఇక తనలో మిగిలేదేముంది? అలేఖ్య స్కేటుకి బ్లేడు మీట నొక్కితే ఊడి వచ్చేస్తుంది; ఇంట్లో దాచుకున్న ఈ స్పేర్ జత ఆ ఆదివారం కోసమే బిగించుకుంది. ఆ ఎడమ బ్లేడు ఊడదీసి జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. కాలవ తిన్నగా ఉంది. చెడిపోని చోట రెండు అంచులూ మట్టానికి సరిగ్గా ఉన్నాయి. బయటి అంచు మీద మాత్రం, నడిమి భాగంలో, ఎలుక కొరికినట్టు ఎనిమిది చిన్న గాట్లు. సాన పొరపాటు ఇలా ఉండదు. ఏదో గట్టి వస్తువుని కొట్టిన గాట్లివి. బ్లేడు చివర కొక్కెంలో పసుప్పచ్చటి పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. తీసి వాసన చూశాడు.

"నళినీ, ఇదేంటో చూడు!"

నళిని వాసన చూసి, "మామిడి టెంక పీచు. దీనికి కూడా ఇంత అరుపా?" అంది.

అలేఖ్య వాళ్ళమ్మ రత్తమ్మ పాలకొల్లు నుంచి వచ్చి నెల రోజులైంది. వచ్చీ రాగానే ఆవకాయ పెట్టింది. పోయిన వారం టీమ్‌లో తలా ఒక సీసా పంచారు. కెనడా నుంచి వచ్చిన గోల్‌కీపర్ దాన్ని రొట్టెకి రాసుకుని తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకో సీసా అడిగాడు. యర్రయ్య ఇంట్లో సీసా ఇప్పటికే సగం అయిపోయింది.

సంగతంతా ఒక్కసారిగా అర్థమై, తప్పు తనది కాదని తేలిపోయి, యర్రయ్య చొక్కా తిరగేసి తొడుక్కున్నది కూడా చూసుకోకుండా, అలేఖ్య వాళ్ళుండే సెరంగూన్‌కి ట్రైనెక్కాడు.

తలుపు తీసింది రత్తమ్మే. "అమ్మాయి ల్యాబ్‌కి వెళ్ళిందండీ. లోపలికి రండి అన్నయ్యగారూ, కాఫీ తాగుదురుగాని."

యర్రయ్య బ్లేడు తీసి బల్ల మీద పెట్టాడు. రత్తమ్మ మొహం విప్పారింది.

"అయ్యయ్యో, మీ దగ్గరుందా! మొన్నటి నుంచీ ఇల్లంతా వెతుకుతున్నానండీ. ఇంకో పది కాయలు తెచ్చాను. ఈ ఊళ్ళో కత్తులు కత్తులేనాండీ? టెంక మీద వెయ్యగానే వంగి కూర్చుంది. సొరుగులో కాగితంలో చుట్టి ఈ కత్తిపీట బద్ద కనబడింది. రెండు చెక్కల మధ్య బిగించి, కాయ పెట్టి, పైనుంచి పచ్చడిబండతో ఒక్కటిచ్చాను. నలభై ఏళ్ళుగా కోస్తున్నాను గానీ ఇంత పదును ఎరగను అన్నయ్యగారూ! ఎవరు సాన పట్టారో గానీ, ఆ చెయ్యి బంగారం కానూ!"

యర్రయ్య పోట్లాడదామనే వచ్చాడు. ఆ మాట వినేసరికి కోపమంతా చల్లారింది. తన పని గురించి ఇంత కమ్మటి మాట ఎవరూ అనలేదు. కాసేపు కాఫీ తాగుతూ ఆ మాటే మనసులో తిప్పుకున్నాడు. తర్వాత నిజం చెప్పక తప్పలేదు.

"చెల్లెమ్మా, ఇది కత్తిపీట బద్ద కాదు. మీ అమ్మాయి బూటు కిందది."

"బూటా?" రత్తమ్మ కుర్చీలో కూలబడింది. "తలస్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, ఆ పూటంతా ఫోనైనా ముట్టుకోకుండా పెట్టానండీ! ఒక సీసా గుడి పూజారిగారికి కూడా ఇచ్చానే! పోనీ, ఇది కొత్తదేనా? కాలికి తొడగనిదేనా?"

అవునంటే సరిపోయేది. కానీ ఇనుము విషయంలో అబద్ధమాడటం యర్రయ్యకి చేతకాదు.

"రెండేళ్ళయింది," అన్నాడు.

రత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎవరితోనూ అనకండి అన్నయ్యగారూ. పదిహేడు సీసాలు పంచాను. తలెత్తుకోలేను."

"అననులే చెల్లెమ్మా. పరవాల్లే," అన్నాడు యర్రయ్య. తిరుగు ట్రైన్‌లో గానీ తనేం మాటిచ్చాడో అతనికి తెలిసిరాలేదు. చెయ్యి పోలేదని లోకంలో ముగ్గురికే తెలుసు. ఒకరు తను, ఒకరు నళిని. మూడో మనిషి నోరు విప్పదు.

తర్వాతి ఆదివారం రింక్ దగ్గర అందరూ ఉన్నారు. మంగళవారం ఊరికి వెళ్ళిపోతోందని రత్తమ్మ కూడా శాలువా కప్పుకుని వచ్చింది.

"చెక్ చేశారా అంకుల్?" అన్నాడు నవనీత్.

యర్రయ్య బ్లేడు తీసి బెంచీ మీద పెట్టాడు. "నా పొరపాటే. మట్టం చూసుకోలేదు."

ఎవరూ విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. నవనీత్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇట్స్ ఓకే అంకుల్. చాలా ఏళ్ళు చేశారు. ఇంక మేం ఆ మెషీన్ షాపుకే వెళ్తాం, మీరు రెస్ట్ తీసుకోండి." ఆ మెత్తటి మాట యర్రయ్యకి గుండెల్లో దిగింది. తలొంచుకుని మఫ్లర్ సర్దుకున్నాడు.

"ఆగండి బాబూ!" రత్తమ్మ లేచి నిలబడింది. "ఆయన అబద్ధం చెబుతున్నారు. ఆ బద్దతో ఆవకాయ కాయలు కోసింది నేను. తప్పు నాది."

తెలుగు రానివాళ్ళంతా అలేఖ్య వైపు చూశారు. అలేఖ్య మొహం కందగడ్డలా అయింది. మా అమ్మ కిచెన్‌లో ఏదో చిన్న పనికి వాడిందట అని ఇంగ్లీషులో గొణిగింది.

"సరిగ్గా చెప్పవే! టెంకలని చెప్పు. ముప్పై కాయలని చెప్పు. బూటుదని తెలీక కోశానని చెప్పు."

అలేఖ్య కళ్ళు మూసుకుని అంతా చెప్పింది. నవనీత్ చెయ్యి దానంతటదే పొట్ట మీదకి వెళ్ళింది. సీసా ఖాళీ చేసినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కెనడా గోల్‌కీపర్ మాత్రం ముందుకొచ్చాడు.

"ముప్పై? టెంకలతో సహా?" అని అలేఖ్యని అడిగాడు. అవునంది. అతను బెంచీ మీద కూర్చుని స్కేట్లు విప్పి, తెచ్చి యర్రయ్య ముందు పెట్టాడు. అతని వెనక ఇంకొకరు. తర్వాత ఇంకో ఇద్దరు. చివరికి నవనీత్ కూడా, ఒక కాలికి మేజోడుతో కుంటుకుంటూ వచ్చాడు.

యర్రయ్య ఒక స్కేటు చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద గోరు లాగబోయాడు గానీ అంచు ఎక్కడుందో ఆనలేదు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అయినా ఆనలేదు.

"ఇవాళ నా కళ్ళు పనిచెయ్యట్లేదు లా," అన్నాడు, రింక్ అంతటికీ వినపడేలా. "శనివారం రండి."