రాజ్మా చేనుకి ఎంత సున్నం?

మొన్న మా అల్లుడు మేడమీద కరివేపాకు కుండీలో కలంలాంటి పరికరమొకటి గుచ్చి, రెప్పపాటులో మట్టి పులుపెంతో చెప్పేసి నాకేసి గర్వంగా చూశాడు. నాకు నవ్వొచ్చింది. పాడేరు మట్టి పరీక్షల గదిలో ఉద్యోగానికి చేరిన కొత్తల్లో ఆ ముక్క తేల్చడానికి మేమెంత హడావిడి పడేవాళ్ళమో, పాపం, అతనికేం తెలుసు!

కొండ వానలకి సారం కొట్టుకుపోయి మన్యం నేలలు పుల్లబడతాయని ఆ కొండలెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పులుపు విరగాలంటే సున్నం వేయాలి. అయితే ఎంత? మట్టిని ఒక ద్రావణంలో కలిపి, ఆ ద్రావణాన్ని అది ఎంత పుల్లబరిచిందో మీటరులో చూసి లెక్క కట్టేవాళ్ళం. ముల్లు ఎంత కిందికి దిగితే అంత పులుపు, అంత సున్నం.

ఒకసారి లంబసింగి వైపు కొండమీంచి ఒక రైతావిడ మూటలో మట్టి తెచ్చింది. రాజ్మా మొలిచినట్టే మొలిచి ఆకు పండుబారి చచ్చిపోతోందట. చేను గొడ్డుబోయింది, ఈ పంటా పోతే వదిలేసి మైదానానికి కూలికి పోదామని ఇంటాయన పట్టుబట్టాడట. ఆవిడకి ఊరు కదలడం సుతరామూ ఇష్టం లేదు. తీరా పరీక్షిస్తే ఆ మట్టిలో పులుపే లేదు, చిటికెడు సున్నం కూడా అక్కర్లేదు! నమ్మబుద్ధి కాక, ఆఫీసరుగారిని బతిమాలి జీపెక్కి వెళ్ళాను. చేనంతటికీ ఏపుగా ఉన్నదల్లా పొదలు నరికి కుప్పపోసి కాల్చిన చోటొక్కటే. బూడిద కలిసి పులుపు విరిగిన ఆ మన్నే ఏరికోరి తెచ్చిందావిడ. అదేమిటని అడిగితే, "సూపించడానికి మంచి మన్నే తేవాల గదమ్మా," అంది. పెళ్ళిచూపులకి పట్టుచీర కట్టినట్టన్నమాట! ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

చేనంతా తిరిగి అక్కడక్కడా తవ్వి, కలిపి, తెచ్చి పరీక్షిస్తే, అబ్బ, ముల్లు జర్రున దిగింది! ఎంత సున్నం కావాలో లెక్క తేలింది. తాంబూలంలో కాస్త ఎక్కువైతేనే నోరు పొక్కించే సున్నం విత్తనాన్ని బతకనిస్తుందా అని ఇంటాయన అడ్డం తిరిగాడు. ఆవిడ వింటేనా! సగం చేనులో తనే చల్లి, దున్నించి, కొన్నాళ్ళాగి విత్తింది.

రాజ్మా పూతకొచ్చిందని కబురందితే ఆగలేక పరిగెత్తాను. సున్నం పడ్డ సగం పచ్చగా నవనవలాడుతోంది, మిగతా సగం పసుపుపచ్చగా ఈసురోమంటోంది. ఇంటాయన కూలి ఊసు మానేసి, మిగిలిన సగానికి సున్నం ఎప్పుడు వేద్దామని నన్నే తొందరపెట్టాడు. ఆవిడ మాత్రం ఆకులు నిమురుతూ, "అయితే నా బూమి గొడ్డుబోలేదమ్మా," అంది. నా కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు మట్టి ఫలితాలు రైతుల ఫోన్లకే వెళ్తున్నాయట. మంచిదే, కొండ దిగే శ్రమ తప్పింది. కానీ తన భూమి గొడ్డుబోలేదన్నప్పుడు ఆవిడ ముఖం ఎలా వెలిగిందో, అలాంటి వెలుగు ఇక పరీక్ష చేసినవాళ్ళెవరి కంటా పడదు గదా అని, అదే నా బెంగ.